స్వరాలు గాలిలో కలవాలి

పైప్ ఆర్గాన్‌ను కళ్లారా చూడాలంటే గద్వాల జిల్లా మానవపాడు వాళ్లు రైలెక్కి చెన్నై లాంటి ఊరికి పోవాలి. అక్కడ సెయింట్ ఆండ్రూస్ కిర్క్ వంటి పాత చర్చిల్లో ఆ వాద్యం ఉంది. దాని గొంతు వినడానికి మాత్రం ఇప్పుడు అంత దూరం అక్కర్లేదు. ఓ మోస్తరు కంప్యూటర్, రెండు మిడి కీబోర్డులు, పైసా ఖర్చు లేకుండా దొరికే గ్రాండ్‌ఆర్గ్ సాఫ్ట్‌వేర్ ఉంటే ఇంట్లోనే ఆర్గాన్ వాయించుకోవచ్చు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ఎంబీ (మెన్నొనైట్ బ్రెదరెన్) చర్చిల్లో ఆదివారం ఆరాధనకు కీబోర్డు వాయించే కుర్రాళ్లలో ఎవరికైనా ఈ సరదా పుట్టొచ్చు. చిక్కంతా స్పీకర్ల దగ్గర వస్తుంది. గద్వాలలోనో కర్నూలులోనో షాపుకు పోయి అడిగితే వచ్చే జవాబు దాదాపు ఒక్కటే: "ఫైవ్ పాయింట్ వన్ తీసుకో అన్నా, థియేటర్ లెక్క మోగుతది."

సినిమాకు ఆ సలహా బాగానే ఉంటుంది. ఆర్గాన్‌కు పనికిరాదు. సినిమాకు ఛానళ్లు ఎందుకు కావాలో, ఆర్గాన్‌కు ఎందుకు కావాలో ఆ రెండు అవసరాలూ వేరు. ఆ తేడా బయటపడటానికి ఇద్దరు ముగ్గురు మొండి మనుషులు, కొన్ని కంపెనీలు, చాలా ఏళ్లు పట్టాయి. ఆ కథ తెలిస్తే షాపులో ఏమడగాలో దానంతటదే తెలుస్తుంది.

పైపు చోటు పైపుది

ముందు అసలు వాద్యం సంగతి చూద్దాం. పైప్ ఆర్గాన్‌లో ఒక పైపు ఒక్క స్వరమే పలుకుతుంది, అదీ ఒకే నాదంతో. 61 మెట్ల వరసకు ఒక్క స్టాప్, అంటే ఒకే నాదం పలికే పైపుల వరస, పెట్టాలంటే 61 పైపులు కావాలి. ఇరవై స్టాపులంటే పన్నెండు వందలు దాటుతాయి. అన్నిటికన్నా కింది 'సి' స్వరానికి ఎనిమిది అడుగుల పైపు సెకనుకు 65 సార్లు, పదహారు అడుగుల పైపు 33 సార్లు, ముప్పై రెండు అడుగుల పైపు 16 సార్లు గాలిని కంపింపజేస్తుంది. ఏ పైపు నిలబడే చోటు దానిది. రెండు పైపుల శబ్దాలు మొదటిసారి కలుసుకునేది చర్చి గాలిలోనే.

పైగా ఏ రెండు పైపులూ వెంట్రుకవాసి తేడా లేకుండా శ్రుతిలో ఉండవు. హార్మోనియం పట్టినవాళ్లకు ఇది తెలిసిన విషయమే. డబుల్ రీడ్ పెట్టెలో ఒకే మెట్టుకు పలికే రెండు రీడ్ల మధ్య ఆ కాస్త తేడా ఉంటేనే స్వరం నిండుగా ఊగుతుంది. కర్నూలు, పాలమూరు పల్లెల్లో పద్యనాటకాలు చూసినవాళ్ల చెవికి ఆ ఊపు అలవాటే. ఆర్గాన్‌లో అలాంటి జంటలు లెక్కలేనన్ని. సెలెస్ట్ అనే స్టాప్‌నైతే పక్క స్టాప్‌కు కొద్దిగా ఎడంగా కావాలనే శ్రుతి చేస్తారు.

ఆ ఊపు ఎక్కడ పుట్టాలన్నదే అసలు ప్రశ్న. సెకనుకు 440, 442 సార్లు కంపించే రెండు స్వరాలు తీసుకోండి. రెండింటినీ తీగలోనే కలిపి ఒకే స్పీకర్‌కు పంపితే, అవి సెకనుకు రెండుసార్లు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. బలం సమానమైతే ఆ క్షణాన స్పీకర్ కోన్ కదలనే కదలదు. గదిలో ఏ మూల కూర్చున్నా శబ్దం ఒకేసారి పడిపోతుంది, ఒకేసారి లేస్తుంది. అవే స్వరాలను ఆరడుగుల ఎడంలో పెట్టిన రెండు స్పీకర్లకు వేరువేరుగా ఇచ్చి చూడండి. అవి కొట్టేసుకునే చోటు గదిలో ఒక దగ్గర నిలవదు. ఎడమ చెవి దగ్గర తగ్గిన క్షణాన కుడి చెవి దగ్గర పెరుగుతుంది. మొదటిది చెవికి గండి పడినట్టు తెలుస్తుంది, రెండోది గదంతా పారాడుతుంది. కలిసినవి ఆ రెండు స్వరాలే. కలిసిన చోటు మాత్రం వేరు.

డైనమోల గది నుంచి హామండ్ పెట్టె దాకా

స్వరాలను తీగలో కలపాలని పెద్ద ఎత్తున పూనుకున్నవాడు అమెరికాకు చెందిన థాడియస్ కేహిల్. 1897లో పేటెంట్ తీసుకున్న ఆయన యంత్రం పేరు టెల్హార్మోనియం. 1906లో న్యూయార్క్‌లో కచేరీలకు దించిన నమూనా బరువు దాదాపు 200 టన్నులు. ఒక్కో స్వరానికి ఒక్కో డైనమో, వాటి కరెంటును కలిపి టెలిఫోన్ తీగల మీద హోటళ్లకు పంపడం, అదీ ఏర్పాటు. అప్పటికి యాంప్లిఫైయర్ లేదు. ఎక్కువ మెట్లు ఒక్కసారి నొక్కితే ఒక్కో స్వరం బలం తగ్గిపోయేది. అన్ని స్వరాలకూ ఒకటే దారి ఉంటే ఏమవుతుందో లోకానికి తెలిసిన తొలి పాఠం అది.

1925లో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజినీర్లు రైస్, కెల్లాగ్ ఈనాటి స్పీకర్‌కు మూలమైన మూవింగ్ కాయిల్ నమూనాను లోకానికి చూపారు. పదేళ్లకు, 1935లో, విద్యుత్ గడియారాలు చేసే లారెన్స్ హామండ్ తన ఆర్గాన్‌ను అమ్మకానికి పెట్టాడు. లోపల 91 పళ్ల చక్రాలు, వాటిని తిప్పడానికి ఒకే మోటారు. గడియారం చేసినవాడి పనితనం కనుక చక్రాల మధ్య శ్రుతి జరిగే ప్రసక్తే లేదు. అది అమ్మకంలో గొప్పగా చెప్పుకునే గుణం. సంగీతంలో అదే లోపం. ఆ పెట్టెలో ఏ జంటా దానంతటది ఊగదు.

అయినా కంపెనీ ఇది పైప్ ఆర్గాన్‌కు సాటి అని ప్రకటనలు గుప్పించింది. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తగువు పెట్టుకుంది. 1937లో షికాగో యూనివర్సిటీ రాక్‌ఫెల్లర్ చాపెల్‌లో పరీక్ష జరిగింది. ఓ వైపు 75,000 డాలర్ల స్కిన్నర్ పైప్ ఆర్గాన్, మరోవైపు 2,600 డాలర్ల హామండ్. ఏది ఏదో వింటూ పోల్చుకోమంటే సంగీత నిపుణులు కూడా దాదాపు మూడోవంతు సార్లు తప్పు చెప్పారు. చివరికి 1938లో కమిషన్ కొన్ని గొప్పలు మానుకోమని ఆదేశించింది కానీ ఆర్గాన్ అనే పేరు మాత్రం ఉంచుకోనిచ్చింది. ఆ పరీక్షలో హామండ్‌ను గట్టెక్కించినవాటిలో చాపెల్ రాతి గోడలు కూడా ఒకటి. అంత పెద్ద హాలులో శబ్దం గోడగోడకూ తగిలి, వెయ్యి దారుల్లో తిరిగి చెవికి చేరుతుంది. తీగలో కలిసిపోయినదాన్ని కొంతవరకు గాలి మళ్లీ విడదీస్తుంది. అలాంటి హాలు ఎవరింట్లో ఉంటుంది?

షోరూంలో ఒకటి, ఇంట్లో ఒకటి

ఈ ప్రశ్న సరిగ్గా ఆ పరీక్ష జరిగిన ఏడాదే ఒకడికి ఎదురైంది. డొనాల్డ్ లెస్లీ లాస్ ఏంజెలస్‌లో రేడియోలు బాగుచేసేవాడు. బార్కర్ బ్రదర్స్ షోరూంలో హామండ్ విని మురిసిపోయి 1937లో ఒకటి కొనుక్కున్నాడు. చిన్న గదిలోకి చేరగానే అది చప్పబడిపోయింది. వాద్యం మారలేదు, మారింది గది.

లెస్లీ మొదట హామండ్ వాళ్ల స్పీకర్ పెట్టె లాంటిదే ఇంకొకటి చేసి చూశాడు. లాభం లేకపోయింది. అప్పుడు అసలు కిటుకు తట్టింది. పైప్ ఆర్గాన్‌లో ఒక్కో స్వరం ఒక్కో చోటు నుంచి వస్తుంది, ఇక్కడ అన్నీ ఒకే రంధ్రం నుంచి వస్తున్నాయి. కదిలే భాగాలతో రకరకాల స్పీకర్ అమరికలు ప్రయత్నించి, చివరకు నిలకడగా ఉన్న ఒక స్పీకర్ ముందు తిరిగే ఒక తొట్టి పెడితే చాలని కనిపెట్టాడు. శబ్దం గోడల మీద చుట్టూ తిరుగుతుంది కనుక ఒక్క స్పీకరే అనేక చోట్ల ఉన్నట్టు చెవి నమ్ముతుంది. తర్వాత వచ్చిన 122 మోడల్‌లో 800 హెర్ట్జ్ పైనున్న శబ్దం తిరిగే హార్న్‌లోకి, కిందిది పదిహేను అంగుళాల వూఫర్ కింద తిరిగే డ్రమ్ములోకి పోతుంది. 1940లో తన తొలి నమూనా పట్టుకుని హామండ్ కంపెనీకి పోతే వాళ్లు వద్దన్నారు. లెస్లీ తనే చేసి అమ్ముకున్నాడు. జాజ్ వాళ్లు, గాస్పెల్ వాళ్లు, రాక్ బ్యాండ్ల వాళ్లు హామండ్ కొంటే పక్కన లెస్లీ పెట్టె కొనడం ఆనవాయితీ అయింది.

ఇంటి ఆర్గాన్‌కు స్పీకర్ ఎంచుకోవడమనే సమస్యను తొలినాళ్లలోనే గుర్తించి, ఛానళ్లు పెంచకుండానే దానికో దారి చూపినవాడు లెస్లీ. ఇవాళ కర్నూలు షోరూంలో విని మానవపాడు గదిలో బిగించుకునేవాళ్లకు కూడా ఆయన అనుభవమే మొదటి హెచ్చరిక.

సినిమా దారి వేరు

మల్టీఛానల్ అనగానే మనకు గుర్తొచ్చే థియేటర్ శబ్దం మరో దారిలో వచ్చింది. 1933 ఏప్రిల్ 27న బెల్ ల్యాబ్స్ వాళ్లు ఫిలడెల్ఫియాలో వాయించిన ఆర్కెస్ట్రాను మూడు ఛానళ్లలో వాషింగ్టన్ కాన్‌స్టిట్యూషన్ హాల్‌కు పంపారు. స్టేజీ అడ్డంగా మైకుల తెర కడితే శబ్దం ఉన్నదున్నట్టు అటు చేరుతుందని వాళ్ల సిద్ధాంతం. అన్ని మైకులు కుదరవు కనుక మూడుతో సరిపెట్టారు. ఆ రాత్రి వాషింగ్టన్‌లో శబ్దం మీటలు పట్టుకున్నది సంగీత దర్శకుడు స్టొకావ్‌స్కీ. ఏడేళ్లకు ఆయనే డిస్నీ వాళ్ల 'ఫాంటేజియా'కు సంగీతం నడిపాడు. తెర చుట్టూ శబ్దం తిప్పిన ఆ 1940 నాటి సినిమా మొదలయ్యేది బాఖ్ ఆర్గాన్ కోసం రాసిన టొకాటా అండ్ ఫ్యూగ్‌తో, అదీ ఆర్కెస్ట్రాకు మార్చి. తెలుగువాళ్లకు ఆరు ట్రాకుల శబ్దం రుచి చూపింది 1986లో కృష్ణ తీసిన తొలి తెలుగు 70 ఎంఎం సినిమా 'సింహాసనం'.

ఈ దారిలో ఛానల్ చేసే పని దిక్కు చెప్పడం. గుర్రం ఎడమ నుంచి కుడికి పోయింది, బాణం వెనక నుంచి వచ్చింది, మాట తెర మధ్య నుంచి వచ్చింది. ఫైవ్ పాయింట్ వన్ పెట్టెలో మాటల కోసం ఓ సెంటర్ స్పీకర్, పేలుళ్ల కోసం ఓ ప్రత్యేక బాస్ ఛానల్ ఉండేది అందుకే. ఆర్గాన్‌కు మధ్యలో మాట లేదు, పేలుడు లేదు. దానికి కావాల్సింది స్వరాలు ఒకదానితో ఒకటి ముందే కలిసిపోకుండా వేర్వేరు నోళ్ల నుంచి బయటికి రావడం.

సరిచేసిన కొద్దీ తిరిగొచ్చిన సమస్య

పెన్సిల్వేనియాలో జెరోమ్ మార్కొవిట్జ్ 1937లో పెట్టిన అలెన్ కంపెనీ మరో పద్ధతి పట్టింది. వాల్వు ఆసిలేటర్లు వాడే ఆ పద్ధతిలో స్వరాల మధ్య కాస్త శ్రుతి జరుగుడు సహజంగానే వచ్చేది. 1940ల చివర్లో ఆ కంపెనీ స్పీకర్లనే పళ్లెంలో బిగించి తిప్పింది. చర్చిల కోసం చేసే పెద్ద ఎలక్ట్రానిక్ ఆర్గాన్లలో ఒక్కో విభాగానికి విడిగా యాంప్లిఫైయర్, విడిగా స్పీకర్లు పెట్టడం క్రమంగా మామూలైంది. కాన్ కంపెనీ ఇంకో అడుగు వేసి స్పీకర్ల మీద నిజమైన లోహపు గొట్టాలు నిలబెట్టి అమ్మింది.

1971లో అలెన్ తొలి డిజిటల్ ఆర్గాన్‌ను మార్కెట్లోకి తెచ్చింది. చిప్పుల వెనక ఉన్నది అపోలో వ్యోమనౌకలు కట్టిన నార్త్ అమెరికన్ రాక్‌వెల్. పైపు శబ్దం అల ఆకారాన్ని అంకెలుగా దాచి, మెట్టు నొక్కగానే చదివించడం దాని పద్ధతి. నాదం మెరుగైంది. కానీ ఒకే క్లాక్ మీద నడిచే స్వరాలు ఒకదాని పక్క ఒకటి అతుక్కుపోతాయి. హామండ్ చక్రాల గొడవ మళ్లీ మొదటికొచ్చింది. దానికి మందు కూడా పాతదే: శ్రుతిలో కొంచెం తేడాలు కల్పించడం, ఛానళ్లు విడగొట్టడం.

2002లో మార్టిన్ డైడ్ అనే బ్రిటిష్ ప్రోగ్రామర్ హాప్ట్‌వెర్క్ విడుదల చేశాక ఆట మారింది. ఇందులో నిజమైన ఆర్గాన్ దగ్గరకు పోయి ప్రతి పైపునూ ఒక్కొక్కటిగా రికార్డు చేస్తారు. ఏ పైపు శ్రుతి తేడా దానికే ఉంటుంది. ఏ పైపును ఏ స్పీకర్‌కు పంపాలో వాయించేవాడే నిర్ణయించుకోవచ్చు. అంతకుముందు చర్చి కమిటీలు కంపెనీతో మాట్లాడుకోవాల్సిన సంగతి పడకగది దాకా వచ్చింది. ఉచితంగా దొరికే గ్రాండ్‌ఆర్గ్‌లోనూ పైపుల గుంపులను వేరు అవుట్‌పుట్‌లకు పంపే వీలుంది.

ఇదే కాలంలో న్యూయార్క్ ట్రినిటీ చర్చి ఈ పద్ధతికి పెద్ద పరీక్ష పెట్టింది. 2001 సెప్టెంబరు 11 దాడుల్లో కూలిన టవర్ల దుమ్ము అక్కడి పైప్ ఆర్గాన్ నిండా చేరింది. దాని స్థానంలో 2003లో మార్షల్ అండ్ ఓగిల్‌ట్రీ వాళ్లు డజన్లకొద్దీ ఛానళ్లతో డిజిటల్ ఆర్గాన్ బిగించారు. ఏళ్ల తరబడి అది ఆరాధన నడిపించింది. తర్వాత ఆ చర్చి మళ్లీ పైపులకే మొగ్గింది. ఎన్ని ఛానళ్లు పెట్టినా పైపుల లెక్కకు చేరవు. కాబట్టి ఇంటివాడు పోటీ పడాల్సింది పైపులతో కాదు, తన గదితో.

పన్నెండు బై పద్నాలుగు గది

మన వైపు ఇళ్లలో మామూలు గది పన్నెండు అడుగుల వెడల్పు, పద్నాలుగు అడుగుల పొడవు అనుకుందాం. పైన ఆర్‌సీసీ, కింద నాపరాయి, చుట్టూ సిమెంటు గోడలు. శబ్దాన్ని పీల్చుకునేది ఏదీ లేదు. 32 డిగ్రీల వేడిలో గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 350 మీటర్లు పోతుంది. పద్నాలుగు అడుగుల ఎడంలోని రెండు గోడల మధ్య అది అటూ ఇటూ కొట్టుకుని నిలబడే తొలి స్వరం 41 హెర్ట్జ్. కాళ్లతో వాయించే పదహారు అడుగుల పెడల్ స్టాప్‌లో సరిగ్గా 'ఇ' మెట్టు అది. ఆ మెట్టు తొక్కితే కిటికీ అద్దాలు గడగడలాడతాయి, దానికి నాలుగు మెట్ల కింది 'సి' మాత్రం నీరసంగా పలుకుతుంది. స్పీకర్‌కు డబ్బు ఎక్కువ పెట్టినంత మాత్రాన ఇది మారదు. ఒకటికి బదులు రెండు చిన్న సబ్‌వూఫర్లు తీసుకుని, పొడవు గోడల చివర ఎదురెదురుగా ఉన్న రెండు పొట్టి గోడల మధ్యన ఒక్కోటి పెడితే ఆ 41 హెర్ట్జ్ హోరు చాలావరకు అణుగుతుంది. 80 హెర్ట్జ్ కిందనున్న శబ్దం ఎటునుంచి వస్తోందో చెవి సరిగా పోల్చుకోలేదు కాబట్టి ఎక్కడ పెట్టినా దిక్కు చెడదు.

పై స్వరాల గణగణకు మందు పత్తి పండే ఈ నేలలోనే ఉంది. మందపాటి దూది పరుపులు స్పీకర్ల ఎదురుగోడకు ఆనించి చూడండి. బాస్‌ను అవి ఆపలేవు కానీ చప్పట్లు కొడితే వచ్చే గణగణను తగ్గిస్తాయి.

ఇక ఛానళ్ల లెక్క. అది మీరు వాడే శాంపిల్‌ను బట్టి ఉంటుంది. చర్చి ఎకోతో సహా రికార్డు చేసినవాటిని తడి శాంపిళ్లని, పైపుకు దగ్గరగా ఎకో లేకుండా తీసినవాటిని పొడి శాంపిళ్లని అంటారు. తడి శాంపిల్‌లో హాలు గాలి పని చాలావరకు రికార్డింగులోనే అయిపోయింది. రెండు మంచి స్పీకర్లు దానికి సరిపోతాయి. ప్రాగ్‌లోని సోనస్ పారడిసి లాంటి వాళ్లు చర్చి ముందు భాగం, వెనక భాగం విడివిడిగా రికార్డు చేసి ఇస్తారు. అవి వాడితే వెనక ఇంకో జత పెట్టి ఎకోను అటు పంపాలి. అప్పుడు నాలుగు. పొడి శాంపిల్ వాడితే విడగొట్టడం తప్పనిసరి. ఒక కీబోర్డు పలికించే గ్రేట్ విభాగానికి ఒక జత, రెండో కీబోర్డు పలికించే స్వెల్‌కు ఒక జత ఇచ్చి, సెలెస్ట్‌ను దాని జోడీ స్టాప్ పలికే స్పీకర్లలోకి రానివ్వకుండా చూసుకోవాలి. మొదట చెప్పిన 440, 442 లెక్క ఇక్కడే పనికొస్తుంది.

పెడల్‌ను విడిగా సబ్‌వూఫర్‌కు పంపడానికి ఇంకో కారణం ఉంది. 33 హెర్ట్జ్ స్వరానికి కోన్ మిల్లీమీటర్ల మేర ముందుకూ వెనక్కూ కదలాలి. అదే కోన్ అదే క్షణంలో 3,000 హెర్ట్జ్ సన్నని స్వరం కూడా పలకాల్సి వస్తే, ఆ సన్నని స్వరం వణుకుతుంది. పెళ్లిళ్లకు వాడే డీజే బాక్సు అయినా, అరచేతిలో పట్టే హోం థియేటర్ స్పీకర్ అయినా ఇక్కడే దొరికిపోతాయి. మొదటిది గట్టిగా మోగడానికి చేసింది, రెండోది ఎనిమిది అడుగుల స్టాప్ కింది స్వరాలను సబ్‌వూఫర్‌కే వదిలేస్తుంది.

తీగల విషయంలో ఓ జాగ్రత్త. ఛానళ్లు పెరిగినకొద్దీ హమ్ కూడా పెరుగుతుంది. కంప్యూటర్, దాని శబ్దాన్ని స్పీకర్లకు పంచే ఆడియో ఇంటర్‌ఫేస్, స్పీకర్లు అన్నీ ఒకే ప్లగ్ పాయింట్ నుంచి తీసుకోండి. ఆ పాయింట్‌కు ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో ముందే చూపించుకోండి.

కొనేవాళ్లకు చివరి మాట ఇది. మొదట ఐదు నుంచి ఎనిమిది అంగుళాల వూఫర్ ఉన్న స్టూడియో మానిటర్లు ఒక జత, ఒక సబ్‌వూఫర్, ఎనిమిది అవుట్‌పుట్‌ల ఇంటర్‌ఫేస్ కొనండి. ఇంటర్‌ఫేస్ మాత్రం పెద్దది ముందే ఉంటే రేపు స్పీకర్లు పెంచినప్పుడు దాన్ని మార్చక్కర్లేదు. ఆరు నెలలు తడి శాంపిళ్లతో వాయించండి. గది ఏం చేస్తోందో చెవికి పట్టాక రెండో సబ్, ఆ తర్వాత రెండో జత తీసుకోండి. నాలుగు స్పీకర్లు, రెండు సబ్‌లు దాటితే పన్నెండు బై పద్నాలుగు గదిలో ఖర్చే పెరుగుతుంది, వినికిడి పెరగదు.